బీచి రోడ్డుకి ఇటూ అటూ

మా ఆఖరి చెల్లెలు విజయనగరం నుంచి ముందుగా కబురు పెట్టకుండా వచ్చిందంటే ఏదో ముంచుకొచ్చిందనే అర్థం. మొన్న వేసవిలో ఓ శనివారం మధ్యాహ్నం అలాగే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "అన్నయ్యా, నీ మేనల్లుడు సబ్‌మెరైనుకి పేరిచ్చేట్ట!" అంది. చేతిలో సంచీ అయినా కింద పెట్టలేదు.

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి, "ముందు కాస్త కూర్చోవమ్మా. పేరివ్వడమేగా, పెళ్ళి కాదుగా!" అంది.

"పెళ్ళయితే ఇలా పరిగెత్తుకొస్తానా వదినా?" అంది మా చెల్లెలు. ఆ మాట అంటూంటేనే దాని కళ్ళలో నీళ్ళు తిరిగేయి.

దానికి వాడొక్కడే. మా బావమరిది పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటికి కుర్రాడికి పన్నెండేళ్ళు. ఉమ్మడి కొంపలో వెనకవైపు ఓ గదిలో కుట్టుమిషను పెట్టుకుని, జాకెట్లు కుట్టి, వాణ్ణి ఇంటరు దాకా చదివించింది. వాడు నేవీలో నావికుడుగా చేరతానన్నప్పుడు ఒప్పించింది నేనే. సర్కారు ఉద్యోగం, వేళకి జీతం, పైగా ఉన్నది విశాఖపట్నంలోనే అన్నాను. ఓడ గనక సరేనంది. ఓడంటే నీళ్ళమీద తేలుతుంది, కంటికి కనిపిస్తుంది.

"ఓడ మునిగితే ప్రమాదం అంటారు. ఇదేమో మునగడానికే కట్టేరు. అందులోకి కావాలని ఎవరైనా వెడతారటయ్యా? బలవంతం కూడా లేదట, ఇష్టమున్న వాళ్ళే పేరివ్వాలిట. నువ్వు మేష్టరీ చేసినవాడివి. నువ్వు చెబితే వింటాడు" అంది.

ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పేను. నేను చెబితే వింటారన్న నమ్మకం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కాని ఆ మాట చెల్లెలితో ఎలా అనేది?

దాని భయానికి మూలం నాకు తెలుసు. 1971 డిసెంబరు. నాకప్పుడు పదేళ్ళు, అది పుట్టనేలేదు. పొద్దు గుంకితే ఊరంతా దీపాలార్పేసేవాళ్ళం. కిటికీలకి నల్లకాయితాలు అంటించుకున్నాం. మూడో తారీఖు అర్ధరాత్రి వేళ సముద్రం కేసి నుంచి పెద్ద చప్పుడొచ్చింది. కిటికీ అద్దాలు గలగలలాడేయి. అమ్మ మా పిల్లలందర్నీ మంచం కిందకి తోసేసింది. కొన్నాళ్ళకి పేపర్లో పడింది - పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన రేవు ముందర మునిగిపోయిందని. రాజ్‌పుత్ అనే మన నౌక వేసిన డెప్త్‌ఛార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం చెప్పింది. లోపలే ఏదో పేలిందనే వాళ్ళూ ఉన్నారు. ఏమైతేనేం, తొంభైమందికి పైగా మనుషులు, ఒక్కడూ మిగల్లేదు. వీధివీధంతా మిఠాయి పంచుకున్నారు. అమ్మ మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, "వాళ్ళ అమ్మలకి ఈ సంగతి ఎవరు చెప్తారో!" అంది.

ఆ మాట మా ఇంట్లో కథలా నిలిచిపోయింది. మా చెల్లెలు వందసార్లు విని ఉంటుంది. ఇవాళ తనే ఆ అమ్మల వరసలో నించుంటానేమో అనిపించి పరిగెత్తుకొచ్చింది.

మర్నాడు ఆదివారం మా మేనల్లుడు వచ్చేడు. ఇల్లంతా మోగించే కుర్రాడు. చిన్నప్పుడు వాడు మా ఇంటికి వస్తే నాలుగిళ్ళ అవతలికి తెలిసేది. ఆ రోజు ఎప్పుడు లోపలికొచ్చేడో నేను చూళ్ళేదు. పేపరు దించేసరికి ఎదురుగా ఉన్నాడు.

"మామయ్యా, నన్ను కూర్చోబెట్టి చెప్పకండి. ముందు అమ్మకి ఓసారి చూపిద్దాం. తరవాత మీరేం చెప్పినా వింటాను" అన్నాడు.

అంచేత సాయంత్రం నలుగురం రామకృష్ణా బీచికి వెళ్ళేం.

విశాఖపట్నం వచ్చిన వాళ్ళెవరైనా చూసే ఉంటారు, అక్కడ ఇసకలో కురుసుర అనే జలాంతర్గామి ఉంది. రష్యాలో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరిలో పనినుంచి విరమించుకుంది. 2002 ఆగస్టు నుంచి ఒడ్డున కూర్చుని చుట్టాలకి దర్శనమిస్తోంది. పొడుగు తొంభై ఒక్క మీటర్లు. అంత పొడుగు ఉంది కదా, లోపల విశాలంగా ఉంటుందనుకుంటే పొరపాటే. నిండా యంత్రాలే. ఆ యంత్రాల సందుల్లో డెబ్భై అయిదుమంది దాకా మనుషులు వారాల తరబడి బతికేవారు.

గదికీ గదికీ మధ్య గుండ్రని కన్నం. మా చెల్లెలు కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, తల వంచి, ఒక్కొక్క కన్నమే దాటింది. గోడవారని బల్లల్లాంటి పక్కలు చూసి, "ఇందులో మా వాడి కాళ్ళు పడతాయా?" అంది. చూపిస్తున్న ఆయన నేవీలో పనిచేసి రిటైరైనవాడే. ఓపిగ్గా అన్నీ చెప్పేడు. టార్పీడోలు వదిలే గొట్టాలు ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు.

"ముందుకి కొట్టడానికుంది, వెనక్కి కొట్టడానికుంది. మరి పైకో?" అంది మా చెల్లెలు.

ఆయన నవ్వి, "దానికి రోడ్డవతల చూడాలమ్మా" అన్నాడు.

రోడ్డవతల ఉన్నది విమానం. టీయూ-142 అంటారు. 1988 నుంచి 2017 దాకా, ఇరవై తొమ్మిదేళ్ళు, మొదట గోవా నుంచీ తరవాత అరక్కోణం నుంచీ మన సముద్రాలమీద తిరిగింది. 2017 డిసెంబరు నుంచి ఇక్కడ జనం చూసేందుకు పెట్టేరు. ఇంజన్లు నాలుగు, ఒక్కొక్క ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి, ఎదురుబొదురుగా తిరిగే రెండేసి పంకాలు. దీని పని నీళ్ళలో దాక్కున్న జలాంతర్గాముల్ని వెతికి పట్టడం. ఎలాగంటే, సోనోబాయ్‌లని గొట్టాల్లాంటివి సముద్రంలో జారవిడుస్తుంది. అవి నీళ్ళలోకి చెవులు వేళ్ళాడేసి, వినబడిన చప్పుళ్ళని రేడియోలో పైకి పంపుతాయి. జలాంతర్గామి ఊపిరి పీల్చుకుందుకు గొట్టం పైకి పెడితే రాడారు పసికడుతుంది. దొరికేక వెయ్యడానికి పొట్టలో టార్పీడోలు, డెప్త్‌ఛార్జీలు ఉంటాయి.

అంతా విని మా చెల్లెలు పేవుమెంటు మీదకొచ్చి నించుంది. ఇటు చూస్తే సముద్రం ఒడ్డున కురుసుర. అటు చూస్తే రెక్కలు చాపిన విమానం. మధ్యన ఆదివారంనాటి జనం, ముంతకింద పప్పు బళ్ళు.

"ఇదేం న్యాయం అన్నయ్యా! పైనున్నవాడు వెతుకుతాడు, కొడతాడు. కిందనున్న వాళ్ళు తలమీద గుడ్డేసుకుని కూర్చోవాలా? చేతిలో ఓ కర్రయినా ఉండొద్దూ?" అంది.

నేను మేనల్లుడి కేసి చూసేను. వాడు తల అడ్డంగా తిప్పేడు. "మాకు చెప్పినవి నేను బయట చెప్పకూడదు మామయ్యా. బయట పుస్తకాల్లో ఉన్నవి మీరే చూసి అమ్మకి చెప్పండి" అన్నాడు.

మా చెల్లెలు అక్కడే తీర్పు చెప్పేసింది. "సరే. అలాంటి కర్ర ఒకటుందని మీ మామయ్య తేలిస్తే నేను అడ్డం రాను. లేదని తేలితే నువ్వు పేరు వెనక్కి తీసుకోవాలి."

"అలాగే" అన్నాడు వాడు, క్షణం ఆలోచించకుండా.

తల్లీకొడుకులు తేలిగ్గా ఒప్పందం చేసుకున్నారు. బరువు నా నెత్తిన పడింది.

ఆ వారమంతా పుస్తకాలూ, పాత పత్రికలూ, మా మనవడి కంప్యూటరూ ముందేసుకుని కూర్చున్నాను. రెండో రోజుకే తెలిసిపోయింది, కర్ర ఉంది. ఒకటి కాదు, రకరకాలున్నాయి. ఆ ముక్క చెప్పేస్తే కుర్రాడి కోరిక తీరుతుంది, చెల్లెలి మనస్సు కుదుటపడుతుంది. కాని మిగతాది చదువుతున్నకొద్దీ ఆ ఒక్క ముక్కా చెప్పి ఊరుకోవడం అబద్ధంతో సమానమనిపించింది.

కర్ర పట్టుకున్న వాళ్ళ కథ 1943లో మొదలవుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మను జలాంతర్గాములు ఫ్రాన్సు రేవుల్లోంచి బయల్దేరి బిస్కే అఖాతం దాటి అట్లాంటిక్‌లోకి పోయేవి. ఆ రోజుల్లో జలాంతర్గామి పేరుకే జలాంతర్గామి. బ్యాటరీలు నింపుకుందుకు పైకి తేలక తప్పేది కాదు. తేలినప్పుడు బ్రిటిషు విమానాలు మీద పడేవి. రాత్రిపూట కూడా రాడారుతో కనిపెట్టి, దగ్గరకొచ్చేక పెద్ద సెర్చిలైటు వేసేవారు. విమానం కనబడితే వెంటనే మునిగిపోవడం అంతకుముందు పద్ధతి. 1943 మేలో జర్మను నౌకాదళాధిపతి డోనిట్జ్, ఇక మునగొద్దు, పైనే ఉండి తుపాకులతో ఎదుర్కోండి అని ఉత్తరువిచ్చేడు. ఆ ఒక్క నెలలోనే వాళ్ళ జలాంతర్గాములు నలభైకి పైగా పోయేయి.

అంతటితో ఆగకుండా, విమానాల కోసమే ప్రత్యేకంగా తుపాకులు దిగేసిన జలాంతర్గాములు తయారు చేసేరు. మొదటిది యూ-441. అది 1943 మే 24న ఓ సండర్లాండు విమానాన్ని కూల్చింది. కాని ఆ విమానం కూలబోతూ వేసిన డెప్త్‌ఛార్జీలకి తనూ చితికి రేవుకి తిరిగొచ్చింది. బాగుచేయించుకుని జులైలో మళ్ళీ వెళ్ళింది. జులై 12న బ్రిటిషువాళ్ళు ఒకటి కాదు, మూడు బ్యూఫైటరు విమానాల్ని ఒక్కసారి పంపేరు. పైన నించున్న వాళ్ళలో పదిమంది చచ్చిపోయేరు. అధికార్లందరూ చచ్చిపోవడమో గాయపడడమో జరిగింది. చివరికి దాన్ని రేవుకి చేర్చిందెవరనుకున్నారు? అందులో ఉన్న డాక్టరు! ఆ ఏడాది ఆఖరుకి ఈ ప్రయోగం కట్టిపెట్టేసేరు. యూ-441ని మళ్ళీ మామూలు జలాంతర్గామిగా మార్చేరు. 1944 జూన్‌లో అది మునిగిపోయింది. అందులోని వాళ్ళెవరూ బతకలేదు.

యుద్ధమయ్యేక తుపాకులు పోయి క్షిపణులొచ్చేయి. 1972లో బ్రిటిషువాళ్ళు ఏనియస్ అనే జలాంతర్గామిమీద ఒకటి పెట్టి చూసేరు. భుజంమీద పెట్టుకుని పేల్చే బ్లోపైప్ క్షిపణుల్ని ఆరింటిని ఓ స్తంభం చుట్టూ గుత్తిలా అమర్చేరు. మధ్యలో టెలివిజను కెమేరా. జలాంతర్గామి ఒళ్ళు నీళ్ళలోనే ఉంటుంది; స్తంభం ఒక్కటే పైకి లేస్తుంది. లోపల కూర్చున్నవాడు కెమేరాలో హెలికాప్టరుని చూస్తూ క్షిపణిని దానిమీదకి నడిపించాలి. పరీక్షలు జరిగేయి. కాని బ్రిటిషు నౌకాదళం దాన్ని తీసుకోలేదు. క్షిపణి పోయే దూరం మూడునాలుగు కిలోమీటర్లు మించదు. కొట్టాలంటే పైకొచ్చి తల చూపించాలి.

రష్యావాళ్ళది మరీ సూటి పద్ధతి. 1986 నుంచి మన నౌకాదళంలో చేరిన సింధుఘోష్ తరగతి జలాంతర్గాములు వాళ్ళు కట్టినవే. ఆ తరహా వాటిలో భుజంమీద పెట్టుకుని పేల్చే చిన్న క్షిపణులుంటాయని పుస్తకాల్లోనే రాసేరు. కాని వాటిని పేల్చాలంటే జలాంతర్గామి పూర్తిగా తేలాలి, మనిషి పైకెక్కి నించోవాలి. అంటే, మునగడానికి వీల్లేని గతి పట్టినప్పటి మాట.

అలాంటి గతి నిజంగా పట్టినదాని సంగతీ చదివేను. 1982లో ఫాక్‌లండ్ యుద్ధం. అర్జెంటీనావారి సాంతా ఫే అనే పాత జలాంతర్గామి సౌత్ జార్జియా దీవిలో మనుషుల్నీ సామాన్నీ దింపి, ఏప్రిల్ 25 తెల్లవారుతూ బయటికి పోతోంది. పైన తేలి ఉండగా బ్రిటిషు హెలికాప్టరొకటి కనిపెట్టి డెప్త్‌ఛార్జీలు వేసింది. దెబ్బతిని మునగలేకపోయింది. తరవాత ఒకదాని వెనక ఒకటి హెలికాప్టర్లొచ్చి క్షిపణులతోనూ తుపాకులతోనూ కొట్టేయి. కుంటుకుంటూ గ్రిట్‌వికెన్ రేవుకి చేరింది. అక్కడ మనుషులు దాన్ని ఒదిలేసి ఒడ్డెక్కేరు. అది చదివినప్పుడు మా చెల్లెలి మాటే నిజమనిపించింది. చేతిలో ఓ కర్రుంటే ఆ హెలికాప్టర్లు అంత దగ్గరకి అంత ధీమాగా రాగలిగేవా?

అన్నిటికన్నా కొత్తది జర్మనీవాళ్ళది. ఐడాస్ అని పేరు. నార్వేవాళ్ళు కూడా చెయ్యి కలిపేరు. టార్పీడో వదిలే గొట్టంలోనే నాలుగు క్షిపణులున్న పెట్టె పెడతారు. జలాంతర్గామి పైకి రానక్కర్లేదు. క్షిపణి నీళ్ళలో బయటపడి, రెక్కలు విప్పుకుని, పైకి లేచి, నీళ్ళు చీల్చుకుని గాల్లోకి వెడుతుంది. వెనకాల సన్నటి గాజుదారం విప్పుకుంటూ పోతుంది, మన పిల్లల గాలిపటంలా. క్షిపణి కళ్ళకి కనిపించేది ఆ దారం గుండా కిందనున్నవాడికి బొమ్మలా కనిపిస్తుంది. వాడు ఏది కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో అప్పుడైనా తేల్చుకోవచ్చు. ఇరవై కిలోమీటర్ల దాకా పోతుందంటారు. 2008 మేలో యూ-33 అనే జలాంతర్గామి మునిగి ఉండగానే దీన్ని వదిలి చూసేరు. ఫ్రాన్సువాళ్ళు కూడా ఇలాంటివి తలపెట్టేరు. కాని యుద్ధంలో నీళ్ళకింద నుంచి క్షిపణి వేసి విమానాన్ని కూల్చిన జలాంతర్గామి ఇంతవరకూ ఒక్కటీ లేదు.

ఇంత మంచి కర్ర ఉంటే అందరూ ఎందుకు ఎగబడి కొనుక్కోరు? ఆ లెక్క నాకు తేలలేదు. మా వీధి చివర చీఫ్‌గారని ఒకాయనున్నారు. పదిహేనేళ్ళు జలాంతర్గాముల్లో చేసి రిటైరైన మనిషి. ఆదివారం సాయంత్రం ఆయన్ని కాఫీకి పిలిచేను. మా చెల్లెలూ మేనల్లుడూ ఉండగానే అడిగేను. దాచుకుందుకు నాకేమీ ఉండకూడదనుకున్నాను.

నేను చదివినదంతా చెప్పేను. చీఫ్‌గారు శ్రద్ధగా విని, "మేష్టారూ, మీ అటకమీద దొంగ దూరేడనుకోండి" అన్నారు. "మీరు లాంతరు పట్టుకుని కింద వెతుకుతున్నారు. వాడి చేతిలో రాయి ఉంది. ఎప్పుడు విసురుతాడు?"

"లాంతరు వెలుగు వాడి మొహంమీద పడ్డాక" అన్నాను.

"కదా! వెలుగు పడకుండా విసిరితే?"

"అటకమీదున్నాడని వాడే చెప్పినట్టవుతుంది."

"అదీ సంగతి. ఆ విమానం అయిదొందల మైళ్ళ సముద్రంలో వెతుకుతుంది. కింద ఎవరో ఉన్నారేమోనని అనుమానం తప్ప దానికి నిశ్చయంగా తెలియదు. మనం క్షిపణి వేసేమో, నీళ్ళలోంచి పొగ లేస్తుంది. ఎక్కణ్ణుంచి లేచిందో సముద్రమంతా చూస్తుంది. ఒక విమానం కూలిందనుకుందాం. అది పడిపోయే ముందు ఒక్క మాట రేడియోలో చెబితే చాలు, గంటలో ఇంకో రెండొస్తాయి, ఓడలొస్తాయి. విమానం గంటకి ఏడెనిమిది వందల కిలోమీటర్లు పోతుంది. మనం చప్పుడు కాకుండా పోవాలంటే నడిచే మనిషి కన్నా కాస్త జోరు. ఇంక ఎక్కడికి పారిపోతాం?"

ఆయన కాఫీ గుక్క తాగి మళ్ళీ అందుకున్నారు. "ఇంకో చిక్కు. నీళ్ళకింద ఉన్నవాడికి పైనున్న విమానం ఎక్కడుందో సరిగా తెలియదు. ఎత్తుగా ఎగిరేదాని చప్పుడు నీళ్ళలోకి దిగేది తక్కువ. కనబడనిదాన్ని ఏం కొడతాం? హెలికాప్టరు సంగతి వేరు. అది నీళ్ళమీద ఒక్కచోట వేళ్ళాడుతూ, తీగకి కట్టి సోనారు కిందకి దింపి వెతుకుతుంది. దాని రెక్కల హోరు మనకి వినబడుతుంది, అది వేసే కేకా వినబడుతుంది. కదలకుండా దగ్గర్లో ఉంటుంది. క్షిపణి పనికొస్తే గిస్తే దానిమీద పనికొస్తుంది. అదీ, అది మనల్ని పట్టేసింది, ఇంక దాక్కుని లాభం లేదు అని తేలిపోయేక."

"అయితే దండగే అంటారా?" అన్నాను.

"దండగనను. గేటు లోపల కుక్కుందని బోర్డు పెట్టిన ఇంటికి దొంగ ఎలా వస్తాడు? ఆచితూచి వస్తాడు. కింద వాడి దగ్గర క్షిపణి ఉందేమో అన్న అనుమానం ఉంటే హెలికాప్టరు అంత ధీమాగా వచ్చి వేళ్ళాడదు. దూరంగా ఉంటుంది, తొందరపడుతుంది. ఆ తొందరలో మనకి నాలుగు నిమిషాలు దొరకొచ్చు. నాలుగు నిమిషాలంటే నీళ్ళకింద చాలా ఎక్కువ. కుక్క కరవక్కర్లేదు, ఉంటే చాలు."

మా చెల్లెలు అప్పటిదాకా నోరు మెదపలేదు. "మీరు చేసిన రోజుల్లో మీ దగ్గర అలాంటిదుండేదా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"లేదు చెల్లెమ్మా. మా దగ్గరున్నదల్లా చప్పుడు చెయ్యకపోవడమే. పైన ఎవరో ఉన్నారని తెలిస్తే పంకాలు కట్టేసేవాళ్ళం. అవసరం లేని యంత్రాలన్నీ ఆపేసేవాళ్ళం. ఎక్కడివాళ్ళక్కడ పడుకునేవాళ్ళం, గాలి కూడా తక్కువ పీల్చుకుందుకు. ఓసారి మన వాళ్ళమీదే, ఉత్తి అభ్యాసంలో, ఓ కుర్రాడు వంటింట్లో మూత జారవిడిచేడు. ఇంతే చప్పుడు. అరగంటలో పైవాళ్ళు మా నెత్తిన ఉన్నారు. అభ్యాసం గనక సరిపోయింది. మూతే కారణమో కాదో ఎవరూ చెప్పలేరు. ఎవరూ ఆ కుర్రాణ్ణి ఒక్క మాటా అన్లేదు. ఊరికే చూసేరు. డెబ్భైమంది చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. ఆ కుర్రాణ్ణి నేనే."

ఆయన వెళ్ళిపోయేక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మా చెల్లెలే మొదలెట్టింది. "అంటే, కర్ర ఉంది. కాని అది తియ్యవలసి వచ్చిందంటే అప్పటికే సగం పని అయిపోయిందన్నమాట. అసలు బలం నోరు మెదపకుండా ఉండడంలో ఉంది. ఇదేనా నువ్వు తేల్చింది?"

"ఇదే" అన్నాను.

"కర్రుందని చెప్పి ఊరుకుంటే నేనెలాగా ఒప్పుకునేదాన్ని కదా! ఇదంతా చెబితే ఒప్పుకోనేమోనని తెలిసి కూడా చెప్పేవా?"

"తెలిసే చెప్పేనమ్మా. రేపు ఎప్పుడో నీకే తెలిసి, అన్నయ్య నాకు సగమే చెప్పేడనుకోవడం నేను పడలేను."

అది మేనల్లుడి కేసి చూసింది. వాడు తాగిన గ్లాసు కింద పెడుతున్నాడు. గచ్చుమీద స్టీలు గ్లాసు - మామూలుగా అయితే ఠంగుమనాలి. వాడు ముందు చిటికినవేలు గచ్చుకి ఆనించి, దానిమీద గ్లాసు దించి, వేలు మెల్లిగా తీసుకున్నాడు. వాడికే తెలియకుండా చేసేడు. చప్పుడన్నది లేదు. పేరిచ్చినప్పటినుంచీ అలా అలవాటు చేసుకుంటున్నాడల్లే ఉంది. నేను చూసేను. మా చెల్లెలూ చూసింది.

చాలాసేపటికి అంది, "మీ నాన్న పోయేక ఆ ఇంట్లో ఎవరెన్ని అన్నా నేను తిరిగి ఒక్క మాట అన్లేదు. తెలుసా నీకు?"

"తెలుసమ్మా" అన్నాడు వాడు.

"జవాబు చెప్పలేక కాదు. చెబితే మర్నాడు ఆ గదీ ఉండదు, మిషనూ ఉండదు, నీ చదువూ ఉండదు. ఊరుకుని ఊరుకుని ఒడ్డెక్కేను. అదంతా చేతకానితనం అనుకునేదాన్ని." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన చెప్పింది వింటే కాదనిపిస్తోంది."

ఒప్పుకుంటున్నానని అనలేదు. ఒప్పుకోనని కూడా అనలేదు. లేచి వంటింట్లోకెళ్ళి మా ఆవిడతో పాటు పప్పు ఏరడం మొదలెట్టింది. మేనల్లుడు నాకేసి చూసేడు. నేను చేత్తో ఊరుకోమని సైగ చేసేను. వాడు ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే దాన్ని కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కించేను. వాడు కూడా డ్యూటీకి వెళ్ళే ముందు వచ్చేడు. బస్సు కదలబోతూంటే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి వాడి భుజం పట్టుకుంది.

"చప్పుడు చెయ్యకు నాన్నా. అస్సలు చెయ్యకు" అంది. బస్సు కదిలింది. మళ్ళీ తల బయటపెట్టి అరిచింది, బస్టాండంతా వినేలాగ: "అయినా సరే, కర్ర కూడా ఒకటి దగ్గరుంచుకో!"